పాత రైడింగ్ మోవర్‌ను రాళ్లబాట బండిగా మార్చేవారు ముందుగా బ్రేకు సంగతి చూసుకోవాలి

మొయినాబాద్ దగ్గరి తోటలో నాలుగేళ్లుగా మూలపడి ఉన్న, సీటు మీద కూర్చుని పచ్చిక కోసే రైడింగ్ మోవర్‌ను రాళ్లూ వాగులూ ఉన్న బాటల్లో తిరిగే బండిగా మార్చవచ్చా, మారిస్తే ఏ టైర్లు వేయాలి, ఇంజన్ వేగం ఎంత పెంచాలి అని మీరు అడిగారు. తప్పకుండా మార్చవచ్చు. ఒక రిసార్టులో పచ్చిక కోసి కోసి అరిగిపోయి తుక్కు కింద అమ్మకానికి వచ్చిన బండిని నేను అలాగే మార్చుకుని, శంకర్‌పల్లి దాటాక మాకున్న మూడెకరాల చెలకలోనూ, దానికి ఆనుకుని ఉన్న మా చిన్న రాతిగుట్ట మీదా మూడేళ్లుగా వాడుతున్నాను. అయితే మీ ప్రశ్నలో టైర్ల మాట, ఇంజన్ మాట ఉన్నాయి గానీ బ్రేకు మాట లేదు. మొదట్లో నేను కూడా ఆ ఆలోచన చేయలేదు. దానివల్ల ఏం జరిగిందో కింద వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో అన్నిటికంటే ముందు చూసుకోవలసినది అదేనని నా గట్టి అభిప్రాయం.

ముందుగా మీ బండికి గేరు లివరు ఉందో, లేక పెడల్ తొక్కిన కొద్దీ వేగం మారే హైడ్రోస్టాటిక్ రకమో చూడండి. గేరు లివరు ఉంటే ఈ పనికి అనువుగా ఉంటుంది. హైడ్రోస్టాటిక్ రకంలో బలం నూనె ఒత్తిడి ద్వారా చక్రాలకు అందుతుంది. చదునైన పచ్చిక మీద తిరగడానికే తయారైన చిన్న యూనిట్లు మన ఎండల్లో ఎత్తు ఎక్కుతూ ఉంటే నూనె వేడెక్కి, పలుచబడి, బండిని ఈడ్చలేకపోతాయి.

బ్లేడ్లతో సహా, అవి తిరిగే కింది రేకు పెట్టెను, అంటే డెక్కును, పూర్తిగా తీసివేయాలి. ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్‌లో 1973లో మొదలైన మోవర్ల పందేల్లో కూడా బ్లేడ్లు తీసివేయడం తప్పనిసరి. డెక్కు పోయాక ఇంజన్ షాఫ్టు చివర బ్లేడ్లను తిప్పడానికి ఉండే విద్యుత్ క్లచ్‌తో పని ఉండదు, కానీ దాన్ని తీస్తే దాని పైనున్న, చక్రాలకు బలం పంపే పుల్లీకి ఆధారం పోతుంది కాబట్టి, సరిగ్గా అంతే పొడవున్న ఇనుప గొట్టం ముక్కను లేత్ మీద తీయించి ఆ చోట బిగించాలి. సీటు కింది స్విచ్చిని మాత్రం ముట్టుకోవద్దు. మనిషి సీటు మీద నుంచి పడిపోతే ఇంజన్‌ను ఆపేది అదే. గతుకుల్లో ఇంజన్ ఊరికే ఆగిపోతోందని దాని తీగలు కలిపేసేవారున్నారు. సీటు స్ప్రింగును సరిచేసుకోవాలే గానీ ఆ పని ఎవరూ చేయకూడదని నా మనవి.

ఇంజన్ వేగం పెంచవద్దు. ఈ ఇంజన్లను నిమిషానికి సుమారు 3,600 చుట్లకు మించి తిరగకుండా గవర్నర్ కట్టడి చేస్తుంది. వీటిలో చాలావాటికి కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంతో చేసినది, ఫ్లైవీల్ పోతపోసినది. గవర్నర్‌ను తప్పిస్తే అవి పగిలి ముక్కలు బయటికి దూసుకురావచ్చు, పెట్రోల్ ట్యాంకూ మీ మోకాళ్లూ వాటికి ఎంతో దూరంలో ఉండవు. పైగా రాళ్లబాటలో మనకు కావలసింది పట్టు వదలకుండా నెమ్మదిగా పాకగలిగే బలమే.

వెనుక చక్రాలకు నేను పవర్ టిల్లర్‌కు వేసే 6.00-12 టైర్లు వేశాను. అవి మన ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతాయి, దుక్కిలో మట్టిని పట్టే ఎత్తైన రబ్బరు కట్టలు వాటికి ఉంటాయి. నా బండి పాత టైర్ల ఎత్తు 20 అంగుళాలు, వీటి ఎత్తు దాదాపు 25 అంగుళాలు. అంటే అదే గేరులో బండి నాలుగో వంతు ఎక్కువ వేగంగా పోతుంది, నేల మీద పడే బలం అయిదో వంతు తగ్గుతుంది. పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికి గేరుబాక్సు మీదున్న 6 అంగుళాల పుల్లీ తీసి ఏడున్నర అంగుళాల పుల్లీ వేశాను, దానికి సరిపడే పొడవున్న బెల్టు రాణిగంజ్‌లో దొరికింది. టిల్లర్ రిమ్ము మోవర్ ఇరుసుకు ఎక్కదు కనుక పాత రిమ్ముల మధ్యభాగాన్ని కోసి కొత్త రిమ్ములో వెల్డింగ్ చేయించాలి. ఈ పనిని లేత్ మీద తిప్పి చూసుకుంటూ చేసేవారితోనే చేయించండి, లేకపోతే చక్రం వంకరగా తిరుగుతుంది. ముందు చక్రాలకు ఆటోరిక్షా 4.00-8 టైర్లు వేసి, అరిగిపోయిన బుష్‌ల స్థానంలో బేరింగులు పెట్టించాను.

అంతవరకు అంతా బాగానే ఉంది. ఆ ఏడాది వానలు వెలిశాక ఒక ఆదివారం గుట్ట మీద నుంచి మొదటి గేరులో దిగుతున్నాను. వాలు పెద్దదేమీ కాదు. ఎడమ వెనుక చక్రం ఒక బండరాయి అంచు మీద నుంచి జారి కిందికి దిగిన క్షణంలో టక్కుమని చిన్న చప్పుడు వినిపించింది, ఆ వెంటనే బండిని ఎవరో వదిలేసినట్టు అది ముందుకు జారసాగింది. ఇంజన్ నడుస్తోంది, గేరు పడే ఉంది, బ్రేకు పెడల్‌ను చివరికంటా తొక్కాను, అయినా ఆగలేదు. కింద మా అబ్బాయి మంచినీళ్ల క్యాను పట్టుకుని నిలబడి ఉన్నాడు. తప్పుకోమని వాణ్ని కేకేసి స్టీరింగును సీతాఫలం పొదల వైపు తిప్పాను. ముందు ఇరుసు పొదల మొదళ్లకు తగిలి బండి నిలిచింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు చక్రం ఊడదీశాను. ఈ బండ్లలో ఇరుసునూ చక్రాన్నీ కలిపి తిప్పేది పెన్సిలంత మందం కూడా లేని ఒక పలకల ఉక్కు కీ. అది నిలువునా రెండు ముక్కలైంది. ఒక ముక్క ఇరుసు గాడిలోనూ, రెండోది చక్రం హబ్బులోనూ ఉండిపోయాయి. తెగిన ముఖాలు అద్దంలా మెరుస్తున్నాయి. గాడి అంచు ఒకవైపు వేలితో తడిమితే తెలిసేంతగా ఒరిగిపోయి ఉంది. మెత్తని పచ్చిక మీద నున్నని టైర్లతో తిరగడానికి సరిపోయిన ఆ కీ, రాయిని గట్టిగా పట్టే పెద్ద టైరు ఇచ్చే కుదుపును తట్టుకోలేకపోయింది.

కీ తెగితే ఒక చక్రం పనిచేయకపోవాలి గానీ బ్రేకు మొత్తం ఎందుకు పోయిందన్నది అప్పుడే నాకు అర్థమైంది. ఈ బండ్ల బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేరుబాక్సు పక్కన, డిఫరెన్షియల్ కంటే ముందున్న షాఫ్టు మీద ఉంటుంది. డిఫరెన్షియల్ రెండు ఇరుసులకూ బలాన్ని సమానంగా పంచుతుంది కాబట్టి, ఒక పక్క పట్టు సున్నా అయిపోతే రెండో పక్కకు అందేదీ సున్నాయే. ఎడమ కీ తెగాక ఎడమ ఇరుసు ఖాళీగా వెనక్కి తిరుగుతూ ఉంటే, కుడి చక్రం ఏ అడ్డూ లేకుండా ముందుకు దొర్లింది. ఇది మీరే చూడవచ్చు: ఇంజన్ ఆపి, బండిని గేరులో ఉంచి, రెండు వెనుక చక్రాలనూ జాకీ మీద లేపి ఒకదాన్ని చేత్తో తిప్పండి, రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది.

అందుకని బ్రేకును నేరుగా చక్రాలకే పెట్టించాను. భోలక్‌పూర్ పాత సామాను దుకాణాల్లో రెండు బైకు డిస్కులు, వాటిని పట్టి ఆపే కాలిపర్లు, పెడల్ తొక్కితే ఆ కాలిపర్లకు బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్లు ఏరుకుని, లోపలి రబ్బరు సీళ్లన్నీ కొత్తవి వేయించాను. బాలానగర్‌లో లేత్ నడిపే ఒక పెద్దాయన డిస్కులను రిమ్ముల మధ్యభాగానికే బోల్టులతో బిగించారు. అవి ఇరుసుకు కాక చక్రానికి అంటుకుని ఉన్నాయి గనుక, కీ తెగినా బ్రేకు పనిచేస్తుంది. కాలిపర్లను మోసే బ్రాకెట్లను ఛాసిస్‌కే వెల్డింగ్ చేయించాలి, అల్యూమినియం గేరుబాక్సు జోలికి పోకూడదు. రెండు చక్రాలకూ వేర్వేరు మాస్టర్ సిలిండర్లు, వేర్వేరు పెడళ్లు పెట్టమన్న సలహా ఆ పెద్దాయనదే. ట్రాక్టరుకు ఉన్నట్టే పక్కపక్కన రెండు పెడళ్లు, వాటిని కలిపి ఉంచే ఒక కొక్కెం. మడిలో ఒక చక్రం దిగబడి ఊరికే తిరుగుతుంటే ట్రాక్టరు నడిపేవారు ఆ పక్క బ్రేకును కొద్దిగా నొక్కి రెండో చక్రానికి బలం మళ్లిస్తారు కదా, ఇక్కడా అంతే. కుడి చక్రం గాలిలోకి లేచినప్పుడు కుడి పెడల్‌ను మెల్లగా నొక్కితే నేల మీదున్న ఎడమ చక్రం బండిని లాగుతుంది. డిఫరెన్షియల్ లోపలి గేర్లను వెల్డింగ్ చేసి లాక్ చేయమని కొందరు చెబుతారు. బురదలో అది పనికొస్తుందేమో గానీ, మన రాతినేల మీద మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా కీల మీదా ఇరుసుల మీదా పడుతుంది. కీలను కూడా గాడి పొడవునా సరిపోయేలా గట్టి ఉక్కుతో చేయించి, ఏటా వానాకాలానికి ముందు మారుస్తున్నాను. పాత బ్రేకును నిలిపి ఉంచేటప్పుడు వేసే బ్రేకుగా అలాగే ఉంచాను.

డెక్కు తీసేయడంతో కింది బరువు పోతుంది, పెద్ద టైర్లతో వెనుక భాగం ఎత్తు పెరుగుతుంది, దానివల్ల ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. బ్యాటరీని ముందుకు మార్చి, ముందు బంపరుకు 25 కిలోల ఇనుప పలకలు బిగించాను. మోవర్ల మాన్యువళ్లలో 15 డిగ్రీలు మించిన వాలు మీదికి పోవద్దని తరచుగా రాసి ఉంటుంది, అంటే సుమారు నాలుగడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు. ఆ హద్దు మార్చిన బండికి కూడా వర్తిస్తుంది. చిన్న ఇంజన్లలో చాలావాటికి లోపలి భాగాలకు నూనె చిమ్మడం ద్వారానే అందుతుంది కాబట్టి ఎక్కువసేపు వాలుగా ఉంటే ఇంజన్ కూడా దెబ్బతింటుంది. ఎక్కినా దిగినా వాలు వెంట నేరుగానే వెళ్లండి, వాలుకు అడ్డంగా వెళ్లవద్దు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత చిన్న ఇంజన్లు సాధారణంగా 10 శాతం వరకే తయారైనవి. అలాంటి పెట్రోల్ నిలవ ఉంటే కార్బొరేటర్ పాడవవచ్చు కాబట్టి, వారం పైన బండి తీయకపోతే దాన్ని ఖాళీ చేసి పెట్టండి. ఇంకొకటి, దీన్ని రోడ్డెక్కించకండి. రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ నిషేధిస్తోంది. వికారాబాద్ అడవి వైపు తీసుకుపోవాలన్న ఆశ కూడా పెట్టుకోకండి, సొంత భూమిలోనే తిరగండి.

బండి ధర కాక నాకు సుమారు 42,000 రూపాయలు అయింది, అందులో బ్రేకులకే 11,000. వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటదు. మీరు టైర్లకు డబ్బు పెట్టేముందు రెండు వెనుక చక్రాలూ ఊడదీసి ఇరుసు గాడులను చూడండి. అంచులు పదునుగా ఉంటే కొత్త కీలు వేసుకుని పని మొదలుపెట్టవచ్చు, ఒరిగిపోయి ఉంటే మాత్రం ముందు ఆ ఇరుసులు మార్పించాకే మిగతా పని తలపెట్టండి.