200 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం: గడియారం చెప్పే క్యాలరీలు, కడుపు ఒప్పుకునే తిండి

మీరు అడిగినవి రెండు. 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణానికి తయారవుతూ మొన్న 130 తొక్కారు. మీ బరువు 72 కిలోలు. చేతి గడియారం 4,100 క్యాలరీలు ఖర్చయ్యాయంటే, ఫోన్‌లో యాప్ 2,400 అంది. దేన్ని నమ్మాలన్నది ఒకటి. 110 దాటాక కాళ్లు మొరాయించాయి కాబట్టి ఆ ఖర్చంతా తిండితో ఎలా పూడ్చాలన్నది రెండోది.

తక్కువ చెప్పినదాన్ని నమ్మండి. ఖర్చంతా పూడ్చలేరు, పూడ్చనక్కరలేదు కూడా.

నాకు ఈ సంగతి శ్రీశైలం రోడ్డు మీద తెలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి డిండి దాకా వెళ్లి తిరిగి రావాలి. పోయేటప్పుడు అంతా బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో ఆమనగల్లు దరిదాపుల్లో ఉన్నట్టుండి ఎదురుగాలి వీస్తున్నట్టు అనిపించింది. చూస్తే పక్క పొలంలో ఒక్క ఆకు కదలడం లేదు. ఇంకో రెండు కిలోమీటర్లు ఎలాగో లాగి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాను. జేబులోంచి పల్లీపట్టీ తీశాను కానీ దాని కవరు చింపడం చేతకాలేదు. వేళ్లు వణుకుతున్నాయి, ఎక్కడ పట్టుకుని చింపాలో బుర్రకు తట్టడం లేదు. కొట్టు పెద్దమ్మ చూసి "ఏమైంది బాబూ, ఎండదెబ్బా?" అంటూ టీలో చక్కెర రెండింతలు వేసి, గ్లూకోజు బిస్కెట్ల పొట్లం చేతిలో పెట్టింది. ఇరవై నిమిషాల్లో మళ్లీ మనిషినయ్యాను. సైక్లిస్టులు దీన్నే "బాంక్" అవడం అంటారు. డబ్బులుండే బ్యాంకుకూ దీనికీ చుట్టరికం లేదు కానీ, ఖాతా ఖాళీ అయిన మాట మాత్రం నిజం.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. ఆరు గంటల్లో నేను తిన్నది నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు, ఒక కొబ్బరిబోండం. ఎంత ఉదారంగా చూసినా అన్నీ కలిపి 90 గ్రాముల పిండిపదార్థాలు దాటవు. అది రెండు గంటలకు సరిపడే సరుకు.

ఇప్పుడు ఖర్చు సంగతి. గడియారం గుండె వేగాన్ని చూసి శ్రమను ఊహిస్తుంది. మన ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గేకొద్దీ, అదే వేగంతో తొక్కుతున్నా గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ దడనంతా గడియారం కష్టం కింద రాసేసుకుంటుంది. పైగా టీ కొట్టు దగ్గర కూర్చున్న సమయాన్ని కూడా కలిపేస్తుంది.

నమ్మదగింది పవర్ మీటర్. పెడల్ మీద మీరు పెట్టిన శక్తిని అది నేరుగా కొలుస్తుంది. అందులో ఒక సౌకర్యం ఉంది. మీటరు శక్తిని కిలోజౌళ్లలో లెక్కగడుతుంది; ఒక క్యాలరీ అంటే దాదాపు 4.2 కిలోజౌళ్లు. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్‌కు చేరేది 20 నుంచి 25 శాతమే, మిగతాదంతా వేడి. ఈ రెండు లెక్కలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి మీటరు చూపే కిలోజౌళ్లే సుమారుగా క్యాలరీలు. సగటున 110 వాట్లతో ఎనిమిదిన్నర గంటలు తొక్కితే 3,366 కిలోజౌళ్లు. అంటే 3,400 నుంచి 3,700 క్యాలరీలు అనుకోవచ్చు. మీటరు ఖరీదైన వస్తువు, దీనికోసమే కొనమని చెప్పను. నా బరువు కూడా ఇంచుమించు మీ అంతే. గంటకు 20, 22 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద నాకు కిలోమీటరుకు 17 నుంచి 20 క్యాలరీలు పడుతుంది. మీ యాప్ చెప్పిన 2,400 ఈ కొలతకు సరిపోతోంది. వేగం పెంచితే మాత్రం లెక్క మారిపోతుంది. 10 శాతం వేగం పెరగాలంటే గాలిని చీల్చడానికి మూడో వంతు ఎక్కువ వాట్లు కావాలి.

ఇంకో మాట, నవ్వుకోండి. మొదట్లో గడియారం చెప్పిన అంకెను వరంగా భావించి ప్రతి ఆదివారం సాయంత్రం బిర్యానీతో సరిపెట్టేవాణ్ణి. మూడు నెలలు సైకిల్ తొక్కి రెండు కిలోలు పెరిగాను.

తిండి దగ్గరకొస్తే ఖర్చు అంకెను పక్కన పెట్టండి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉండే పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములు, అంటే 1,600 నుంచి 2,000 క్యాలరీలు. కొవ్వు నిల్వకు కొదవ లేదు. సన్నగా ఉన్నవాళ్లలోనూ పదుల వేల క్యాలరీలు ఉంటాయి, కాకపోతే అది నెమ్మదిగా కరుగుతుంది. మీరు బయటి నుంచి అందించాల్సింది గ్లైకోజెన్ అడుగంటకుండా చూసేంత మాత్రమే: గంటకు 45 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు. పేగులు గ్లూకోజును గంటకు 60 గ్రాములకు మించి పీల్చుకోలేవు. ఫ్రక్టోజు కలిస్తే 90 దాకా వెళ్లవచ్చు కానీ, అది అలవాటైన కడుపులకే. మామూలు చక్కెరలో ఈ రెండూ సగం సగం ఉంటాయి కాబట్టి సైక్లిస్టులు దారిలో మింగే ఖరీదైన చక్కెర జెల్‌ల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

నా సంచిలో ఉండేవి చెబుతాను. 750 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది టీస్పూన్ల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ రసం. చక్కెరే 32 గ్రాములు వచ్చేసింది. ఒక అరటిపండుకు 25 గ్రాములు, నాలుగు చిన్న ఖర్జూరాలకు కూడా దాదాపు అంతే. అన్నిటికన్నా నాకు నచ్చింది నిమ్మకాయ పులిహోర. నూనె తగ్గించి, అన్నం కాస్త మెత్తగా వండి, గట్టి ముద్దలుగా చుట్టి పెట్టుకుంటాను. 150 గ్రాములకు 40 గ్రాముల పిండిపదార్థం, దానితోపాటే ఉప్పు. టూర్ ద ఫ్రాన్స్‌లో తొక్కేవాళ్లు కూడా జేబుల్లో అన్నంతో చేసిన కేకులు పెట్టుకుంటారు, మనం చిన్నబోవాల్సింది ఏమీ లేదు. మధ్యాహ్నం దొరికితే పెరుగన్నం, ఊరగాయ. పల్లీపట్టీలో పల్లీల కొవ్వు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది. మొదటి సగంలోనే తినేయండి. దారిలో మిరపకాయ బజ్జీలు ఎంత పిలిచినా చూపు తిప్పుకోండి.

ఓఆర్ఎస్ తాగుతున్నాను కదా, బలం అదే వస్తుందనుకోవద్దు. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే. అది లవణాల కోసం, తిండి కోసం కాదు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉన్నా, చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. అలాగని ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం. బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగి వచ్చారంటే అవసరానికి మించి తాగారన్నమాట. మధుమేహం ఉంటే ఈ చక్కెర లెక్కలేవీ మీ వైద్యుణ్ణి అడగకుండా పాటించవద్దు.

మొదటి అరగంట దాటగానే తినడం మొదలుపెట్టాలి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. నేను ఫోన్‌లో ప్రతి అరగంటకూ అలారం పెట్టుకుంటాను. తోటివాళ్లు ఎగతాళి చేస్తారు, చేయనివ్వండి. బ్రెవేకి పదమూడున్నర గంటల గడువు ఉంది, నములుతూ తొక్కినా సరిపోతుంది.

వచ్చే ఆదివారం వంద కిలోమీటర్ల మీద గంటకు 45 గ్రాములతో ప్రయత్నించండి. చివర్లో కాళ్లు బరువెక్కితే తర్వాతి వారం 60కి పెంచండి. కడుపు ఉబ్బినట్టయితే తిండి తగ్గించే ముందు దానికి తగిన నీళ్లు తాగారో లేదో చూసుకోండి. నా విషయంలో చాలాసార్లు తేడా అక్కడే వచ్చింది.