స్పౌజ్ వీసాకి ఫోటోల గొడవ వదిలి ఐ-864 సంగతి చూడండి

భర్త అమెరికా సిటిజన్, నా కోసం ఐ-130 (భార్యని తెచ్చుకోడానికి వేసే పిటిషన్) వేస్తున్నారు, పెళ్లి ఫోటోలు ఎన్ని పెట్టాలి అని ఒకావిడ అడిగారు. ఓ పదిహేను చాలండీ. రెండు వైపుల పెద్దవాళ్లూ కనిపించేవి, పెళ్లికి ముందూ తర్వాతా ఇద్దరూ కలిసి దిగినవి ఉంటే సరి. ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పెట్టినవాళ్లు ఉన్నారు, ఎవరు చూస్తారు అవన్నీ? జాయింట్ బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సులో నామినీగా మీ పేరు, ఇలాంటి కాగితాలకే బరువెక్కువ.

నన్నడిగితే అసలు తలనొప్పి ఐ-864, అంటే వచ్చే మనిషిని డబ్బుపరంగా నేను చూసుకుంటానని స్పాన్సర్ సంతకం చేసే ఫారం. స్పాన్సర్ ఆదాయం, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్న లెక్కన, అక్కడి దారిద్ర్యరేఖకి 125 శాతానికి తగ్గకూడదు. మా ఆయన అప్పటికింకా చదువుకుంటున్నారు, సంపాదన ఎక్కడిది? జాయింట్ స్పాన్సర్‌గా ఉండమని మా ఆడపడుచు భర్తని అడిగాం. అన్నయ్యగారు "సంతకమే కదమ్మా, పంపించు" అనేశారు. మర్నాడు రాత్రి వీడియో కాల్. చూస్తే వదిన చేతిలో ఆ ఫారం ప్రింటు, దాని నిండా ఎర్ర పెన్ను గీతలు.

"రేపు వీళ్లిద్దరూ విడిపోయినా ఈ అమ్మాయి బాధ్యత మన మీదేనా?" అని నా ముందే అడిగేశారావిడ. అవును, విడాకులతో అది పోదు. మామూలుగా అయితే నేను సిటిజన్‌నైనా కావాలి, లేదా 40 క్వార్టర్లు, అంటే దాదాపు పదేళ్ల పని, లెక్కలోకైనా రావాలి. మా ఆయన దగ్గుతున్నారు, నేను నేల చూపులు. అన్నయ్యగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "ముందు నా డబ్ల్యూ-2, అదే ఏడాది జీతం కాగితం, ఎక్కడ పెట్టానో వెతకాలి" అన్నారు.

వదిన మీద నాకు కోపం రాలేదు. మా అందరిలో ఆ ఫారం పూర్తిగా చదివింది ఆవిడొక్కరే. ఫీజు దండిగా తీసుకున్న కన్సల్టెంటు కూడా ఈ ముక్క చెప్పలేదు, పైగా స్నేహితుల చేత అఫిడవిట్లు రాయించండి, కవర్ లెటర్ మార్చండి అంటూ తిప్పాడు. కాబట్టి మీరు అడగబోయే మనిషికి ముందే ఫారం ఇచ్చి చదవమనండి, భార్యాభర్తలిద్దరినీ.

మిగతావి మామూలే: మ్యారేజ్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, మీరు నింపే ఐ-130ఎ (మీ వివరాల ఫారం), ఎవరికైనా పాత పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ, పోలీస్ క్లియరెన్స్ (16 ఏళ్లు దాటాక వేరే దేశంలో ఏడాదో అంతకంటే ఎక్కువో ఉంటే అక్కడిది కూడా). ఇంగ్లీషులో లేని ప్రతి కాగితానికీ అనువాదం, దాని కింద అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి.

ఇంకోటి, మీరు అక్కడ అడుగుపెట్టేనాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ రెండేళ్ల షరతు తీసేయమని అడిగే ఫారం) వేయాలి, అప్పుడు మళ్లీ ఇవే జాయింట్ కాగితాలు అడుగుతారు, అందుకని ఆ ఖాతా ఏదో ఇప్పుడే తెరిచేయండి.