చందమామ మీద రెండిళ్ళ గొడవ: కొత్తగా రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పగబట్టిన రెండు కుటుంబాల పిల్లలు విక్రమ్, వెన్నెల ప్రేమించుకునే నీ గెలాక్సీ కథ మొత్తం చదివాను. ముందు ఒక మాట, మెయిల్లో మేడం మేడం అని రాశావు, అక్కా అను చాలు. ఇంక సుత్తి లేకుండా చెప్పేస్తా. నీకు డైలాగ్ వచ్చు, ఆ పిల్లలిద్దరి మధ్య సిగ్గూ చిరాకూ బాగా పట్టుకున్నావు, వెన్నెల వాళ్ళ నాయనమ్మ మాట్లాడుతుంటే నాకు మా పక్కింటి మామ్మే కనపడింది. కానీ ఇది గెలాక్సీలో జరుగుతోందని నువ్వు పదేపదే గుర్తు చేస్తే తప్ప నాకు తెలీలేదు, స్పేస్‌షిప్ తీసేసి సుమో పెట్టినా, లేజర్ గన్ తీసేసి వేటకొడవలి పెట్టినా ఒక్క సీనూ కదలదు. అసలు జబ్బు అదే, నువ్వు మెయిల్లో అడిగిన మిగతా డౌట్లన్నీ అందులోంచి పుట్టినవే.

ముందు పగ సంగతి. రెండు కుటుంబాలకీ ఎందుకు పడదు అంటే "తాతల నాటి అవమానం" అని ఒక పేరా రాసి వదిలేశావు. అవమానం వద్దనను, ఉండాల్సిందే, కానీ ఒట్టి అవమానం మీద మూడు తరాలు కొట్టుకు చావరు, దాని అడుగున తినేదో తాగేదో ఏదో ఒకటి ఉంటుంది. పల్నాటి కథలో అందరికీ గుర్తుండేది కోడిపందెమే, కానీ దాని వెనకాల ఉన్నది గురజాల, మాచర్ల రాజ్యం పంపకాలు, రాయబారానికెళ్ళి విషానికి బలైన అలరాజు ఎవరనుకున్నావు, అవతలి పక్క నలగామరాజుకి సొంత అల్లుడు. మన ఊళ్ళల్లో మటుకు, కాలవ కింద ఎగువ రైతుకీ దిగువ రైతుకీ తేడా వచ్చేది నీళ్ళ దగ్గర, పైకి చెప్పేది మాత్రం ఫలానా పెళ్ళిలో మాకు మర్యాద చెయ్యలేదు అని. నీ కథకి కూడా అట్లాంటి కాలవ ఒకటి కావాలి, అది అంతరిక్షంలో మాత్రమే ఉండేదై ఉండాలి.

నన్నడిగితే గెలాక్సీ అంతా ఎందుకు, చందమామ చాలు. దక్షిణ ధ్రువం దగ్గర షాకిల్టన్ అని ఒక పెద్ద గొయ్యి ఉంది, అడ్డంగా 21 కిలోమీటర్లు, లోతు 4 కిలోమీటర్ల దాకా. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు, నేల అంచు పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఉంటాడు, దాంతో గొయ్యి గట్టు మీద కొన్ని చోట్ల ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే, అడుగున మాత్రం ఎప్పటికీ చీకటే. ఇట్లాంటి చీకటి గోతుల్లోనే నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. 2009లో నాసా వాళ్ళు కేబియస్ అనే గోతిలోకి ఖాళీ రాకెట్ భాగాన్ని గుద్దించి, పైకి లేచిన ధూళిలో నీళ్ళు కనిపెట్టారు, అదే ఏడాది మన చంద్రయాన్-1 డేటాలో నీటి జాడలున్నాయన్న వార్త కూడా వచ్చింది. షాకిల్టన్‌లో ఎంత మంచు ఉందనేది నీ ఇష్టం, కథ నీది. ఇప్పుడు అబ్బాయి కుటుంబాన్ని గట్టు మీద పెట్టు, అమ్మాయి కుటుంబాన్ని గోతిలో పెట్టు. పైవాళ్ళ చేతిలో కరెంటు, కిందవాళ్ళ చేతిలో నీళ్ళు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు బతకలేరు, కానీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. చూశావా, ఇంక నువ్వు పగ గురించి పేరాలు రాయక్కర్లేదు, మోటర్ ఆగిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఆ పిల్లలు చాటుగా కలుసుకోవడం. నీ కథలో వాళ్ళు స్టోర్‌రూంలో కలుస్తారు, మళ్ళీ కలుస్తారు, మళ్ళీ మళ్ళీ కలుస్తారు, ఒక్కడూ కనిపెట్టడు. ఊళ్ళో అయితే మామిడితోట ఉంది, సెకండ్ షో ఉంది, ట్యూషన్ ఉంది. చంద్రుడి మీద బేస్‌లో ఏముందిరా? అక్కడ పీల్చే గాలికి కూడా లెక్కుంటుంది. ఒక మనిషి రోజుకి సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ వాడుకుని ఒక కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు, దాన్ని పట్టి తీసేసే మెషిన్ ఉంటుంది, దానికో లాగ్ ఉంటుంది. వెన్నెల వాళ్ళమ్మని నువ్వు ఉత్తి వంటింటి మనిషిని చేశావు, ఆవిణ్ణి ఆ మెషిన్ దగ్గర కూర్చోబెట్టు. పొద్దున్నే కాఫీ తాగుతూ రాత్రి రీడింగులు చూస్తుంటుంది, కూతురి గదిలో పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా గీత కొద్దిగా పైకి లేచి ఉంటుంది, ఇద్దరు మనుషులు ఊపిరి తీసినంత. ఆవిడ ఏం చెయ్యాలి? అరవకూడదు. ఆ రోజు ఏమీ అనదు, సెన్సర్ పాడైందేమో చూడమని ఎవరికో చెప్తుంది కూడా, మర్నాడు మళ్ళీ అదే గీత. ఈ సీన్ నువ్వు రాసి తీరాలి, మీ అమ్మ నీ ఫోన్ చూసిన రోజు ఆవిడ మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుని రాయి.

ఇక్కడే ఒక పాత కథ చెప్తా, నీకు తెలిసిందే, ఉషా అనిరుద్ధుల కథ. ఆకాశంలో ప్రయాణం, దొంగచాటు ప్రేమ, చివర్న యుద్ధం, అన్నీ ఉన్నాయి అందులో. ఉషకి కలలో కనపడిన కుర్రాడెవరో తెలీకపోతే చిత్రలేఖ ఒక్కొక్కళ్ళ బొమ్మా గీసి చూపిస్తుంది, అనిరుద్ధుడి బొమ్మ దగ్గరికి రాగానే ఈ పిల్ల సిగ్గుతో తల దించుకుంటుంది, ఇంకేం, చిత్రలేఖ ఆకాశమార్గాన ద్వారక వెళ్ళి నిద్రపోతున్నవాణ్ణి నిద్రపోతున్నట్టే శోణితపురానికి తెచ్చేస్తుంది. అంటే పనంతా చేసింది స్నేహితురాలు, అది కూడా ఎవరనుకున్నావు, ఉష వాళ్ళ నాన్న బాణాసురుడి మంత్రి కూతురు. రిస్క్ మొత్తం ఆ పిల్లదే. నీ కథలో స్నేహితురాలు జోకులెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు, ఆ పిల్లకి ఎయిర్‌లాక్ (లోపలి గాలి పోకుండా రాకపోకలు సాగించే రెండు తలుపుల గది) డ్యూటీ ఇచ్చి చూడు, తలుపు ఎవరు ఎన్నింటికి తీశారో రాసే రిజిస్టర్ ఆమె చేతిలో పెట్టు, కథ ఎట్లా బిగుస్తుందో. ఇంకో సంగతి గమనించు, బాణుడు వచ్చి చూసేసరికి వాళ్ళిద్దరూ ఏం చేస్తున్నారంటే పాచికలాడుకుంటున్నారు. అంతే. నువ్వేమో పట్టుబడే సీన్లో ముద్దు పెట్టావు, ఆ వెంటనే నాన్న డోర్ బద్దలు కొట్టాడు, ఇదంతా చూసేసినదే.

సరే, వాళ్ళు కలుసుకోడానికి అడ్డేంటి? నువ్వు గార్డుల్ని పెట్టావు. గార్డులు వద్దు, గాలి చాలు. గోతిలో వాళ్ళు రోజూ సూట్ వేసుకుని బయటికెళ్ళి మంచు తవ్వేవాళ్ళు కదా, సూట్ లోపల ఒత్తిడి మనం భూమ్మీద పీల్చే గాలిలో మూడో వంతే ఉంటుంది, అందుకని వాళ్ళు ఇంట్లో కూడా తక్కువ ఒత్తిడిలో దాదాపు ఒట్టి ఆక్సిజనే పెట్టుకుంటారు అనుకో, బయటికెళ్ళిన ప్రతిసారీ టైం వేస్ట్ కాకుండా. గట్టు మీద వాళ్ళు ఎక్కువ లోపలే ఉంటారు, వాళ్ళది భూమి లాంటి మామూలు గాలి, మామూలు ఒత్తిడి. ఇప్పుడు అబ్బాయి కిందకి దిగాలంటే ముందు మాస్క్ పెట్టుకుని మూడు నాలుగు గంటలు ఒట్టి ఆక్సిజన్ పీలుస్తూ కూర్చోవాలి, ఒంట్లో కరిగున్న నైట్రోజన్ పోవాలి, లేకపోతే అది బుడగలై కీళ్ళల్లో చేరి నొప్పితో ప్రాణం తీస్తుంది. ఒక్క గంట చూడ్డానికి నాలుగు గంటలు కూర్చోవడం! పేజీల కొద్దీ కవిత్వం రాశావే నీ ప్రేమ ఎంత గొప్పదో అని, అదంతా తీసెయ్, వాడు ఆ చిన్న గదిలో మాస్క్ పెట్టుకుని కూర్చున్నది చూపించు. అమ్మాయి పైకి రావడం మాత్రం నిమిషాల పని, చెవులు దిబ్బళ్ళేస్తాయి అంతే, కానీ తిరిగి ఇంటికెళ్ళడమే కష్టం, పైన ఎంతసేపుంటే అంత నైట్రోజన్ ఒంట్లోకి ఎక్కుతుంది, అంతసేపు ఎయిర్‌లాక్‌లో ఆగాలి. ఒకరోజు అబ్బాయికి ఓపిక ఉండదు, గంటకే లేచి దిగిపోతాడు. భుజం పీకడం అక్కడే మొదలవుతుంది, పైకొచ్చాక కొంచెం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, పొద్దున్న టిఫిన్ దగ్గర చెయ్యి సరిగ్గా లేవదు, వాళ్ళ నాన్న పాతకాలంలో తవ్వకాల్లో పనిచేసిన మనిషి, ఆ నొప్పి ఏ నొప్పో ఆయనకి చెప్పక్కర్లేదు. ఒక్క మాట అనకుండా అంతా బయటపడింది చూడు.

ఇదంతా నేను ఊహించి చెప్తున్నది కాదు. 1975 జూలై 17న అమెరికా అపోలో, సోవియట్ సోయజ్ ఆకాశంలో కలిసినప్పుడు అచ్చం ఇదే తంటా వచ్చింది, వాళ్ళది తక్కువ ఒత్తిడిలో ఒట్టి ఆక్సిజన్, వీళ్ళది మామూలు గాలి, తలుపులు తీస్తే కుదరదు. అందుకని మధ్యలో ఇంకో గది కట్టి పెట్టారు, సోయజ్ వాళ్ళు తమ ఒత్తిడి కొంత తగ్గించుకున్నారు కూడా. కలిపే యంత్రాన్ని సైతం రెండు పక్కలా ఒకేలా తయారుచేశారు, ఎవరూ తక్కువ కాకుండా. ఇంకా ముచ్చటైన సంగతి, అమెరికావాళ్ళు రష్యన్‌లో మాట్లాడారు, రష్యావాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడారు, ఓక్లహోమాలో పుట్టిన అపోలో కమాండర్ స్టాఫర్డ్ రష్యన్ యాస విని సోయజ్ కమాండర్ లియోనోవ్ "ఓక్లహోమ్‌స్కీ" అని ఆటపట్టించేవాడు. నీ పిల్లలిద్దరూ ఒకే పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నారు, అదేం బాలేదు. గట్టు మీద ఒక యాస, గోతిలో ఒక యాస పెట్టు, వాడు ఆమె యాసలో తప్పులు తప్పులుగా మాట్లాడనీ, ఐ లవ్ యూ అక్కర్లేదు ఇంక.

జంటల సంగతి కూడా చెప్తా. 1992 సెప్టెంబర్లో ఎండీవర్ షటిల్‌లో మార్క్ లీ, జాన్ డేవిస్ కలిసి వెళ్ళారు, అంతరిక్షంలోకి కలిసి వెళ్ళిన మొదటి భార్యాభర్తలు వాళ్ళే. పెళ్ళి చేసుకున్నది ఆ ఫ్లైట్‌కి ఎంపికయ్యాక, పెద్దగా ఎవరికీ చెప్పకుండా. కానీ పైన ఇద్దరివీ వేరువేరు షిఫ్టులు, ఒకళ్ళు పనిలో ఉంటే ఒకళ్ళు నిద్రలో. పెళ్ళాం నిద్రపోతుంటే తేలుతూ పక్కనుంచి వెళ్ళే మనిషి గురించి నువ్వు ఒక పేజీ రాయగలవు, రాయి.

చిన్నవి త్వరగా చెప్పేస్తా. షిప్‌లో వెన్నెల కన్నీళ్ళు వాడి చేతి మీద జలజలా రాలాయి అన్నావు, బరువు తెలియని చోట కన్నీళ్ళు రాలవు, వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ 2013లో స్పేస్ స్టేషన్లో కంట్లో నీళ్ళు పోసుకుని మరీ చూపించాడు, కంటి మీదే ముద్దలా అంటుకుని ఉంటాయి, పెద్దదైతే ముక్కు మీదుగా రెండో కంట్లోకి పాకుతుంది. వాడు తువ్వాలు మూలతో అద్దాలి దాన్ని, ఆ సీన్ ఎంత బాగుంటుందో చూడు. మార్స్ నుంచి మేనత్త వీడియో కాల్లో తిడుతుంది అని పెట్టావు, మార్స్ నుంచి భూమి వైపు మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, కాబట్టి ఆవిడ తిట్టడం మొదలెట్టి ఇటువైపు జవాబు కోసం ఆగకుండా తిట్టుకుంటూ పోవాలి, ఆవిడకి అది బాగానే సూటవుతుందిలే. స్పేస్‌షిప్ పేలి ఇద్దరూ చచ్చిపోయే క్లైమాక్స్ మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, నీకు ముగింపు తోచక చంపేశావని తెలిసిపోతోంది.

పెళ్ళి దాకా తీసుకురా. అప్పుడు అసలు గొడవ మొదలవుతుంది, పెళ్ళి ఎవరి గాల్లో? ఆనవాయితీ ప్రకారం ఆడపెళ్ళివారి ఇంట్లో అంటే గోతిలో చెయ్యాలి, అప్పుడు మగపెళ్ళివారంతా, ఆ నీలుక్కుపోయే పెదనాన్నతో సహా, పట్టుబట్టలు కట్టుకుని మాస్కులు పెట్టుకుని విడిదింట్లో నాలుగు గంటలు నోరు మూసుకుని కూర్చోవాలి, విడిదిల్లంటే ఎయిర్‌లాకే. కరెంటు బిల్లు గురించి ఒకడు అవతలివైపు నుంచి సైగలు చేస్తుంటాడు. ముహూర్తం దాటిపోతోందని నాయనమ్మ గొణుగుతుంది, నాయనమ్మ చేత ఏమనిపిస్తావో నీ ఇష్టం, ఆవిడ మాటల్లో నీకు నేను చెప్పేదేం లేదు.

తిరగరాసి పంపు, తొందరేం లేదు. వర్డ్ ఫైల్ యూనికోడ్‌లో పంపు నాయనా, అను ఫాంట్లో పంపితే నా ఫోన్లో ఏవేవో గుర్తులు వస్తున్నాయి. అబ్బాయికి విక్రమ్ అనే పేరు కూడా మార్చు, చంద్రుడి మీద విక్రమ్ అంటే జనానికి ల్యాండరే గుర్తొస్తుంది.

అక్క