కరెంటు మీద నడిచే లోహం

ప్రశ్న: అల్యూమినియం తయారీలో కరెంటు ఖర్చే ప్రధానమని చదివాను. కరగబెట్టడానికి అంత విద్యుత్తు ఎందుకు? ధర ఎక్కువగా ఉన్న గంటల్లో కర్మాగారాన్ని ఆపి, చవకైనప్పుడు నడపకూడదా?

జవాబు: ఆ విద్యుత్తులో అధికభాగం కరగబెట్టడానికి పోయేది కాదు. వాడిపడేసిన అల్యూమినియాన్ని తిరిగి కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. అసలు భారమంతా ఆక్సిజన్‌తో గట్టిగా ముడిపడి ఉన్న లోహాన్ని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) నుంచి విడదీయడంలో ఉంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ ఎవరికి వారుగా కనిపెట్టిన పద్ధతే నేటికీ కొనసాగుతోంది. దాదాపు 960 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవంగా ఉన్న క్రయోలైటు అనే లవణంలో అల్యూమినాను కరిగించి, కర్బన ఆనోడుల (ధన విద్యుత్ ధ్రువాల) ద్వారా ఏకముఖ విద్యుత్తును పంపుతారు. సిద్ధాంతరీత్యా టన్నుకు 6,000 పైచిలుకు యూనిట్లు సరిపోవాలి; వాస్తవంలో 13,000 నుంచి 15,000 వరకు అవుతాయి. తేడా చాలావరకు వేడి రూపంలో పోతుంది.

ఇదంతా జరిగే పెద్ద తొట్టిని పాట్ అంటారు. పాట్ గోడలకు మందంగా ఉష్ణనిరోధకం వేసి ఆ వేడిని ఆపవచ్చు కదా అనిపించడం సహజమే. అయితే గోడలు తగినంత చల్లగా ఉంటేనే వాటి లోపలి వైపున క్రయోలైటు పొరగా గడ్డకడుతుంది. ఆ పొర లేకపోతే ఆ వేడి ద్రవం గోడనే తినేస్తుంది. కాబట్టి కొంత నష్టాన్ని కావాలనే భరిస్తారు. పొదుపుకు అసలు చోటు వోల్టేజీ. ఒక్కో పాట్‌కు నాలుగు వోల్టులకు కాస్త పైన పడుతుంది, అందులో 0.1 వోల్టు తగ్గితే టన్నుకు సుమారు 300 యూనిట్లు మిగులుతాయి. అందుకోసం ఆనోడును పాట్ అడుగున చేరే ద్రవ లోహపు మట్టానికి దగ్గరగా దించాలి, కానీ అయస్కాంత క్షేత్రం వల్ల ఆ మట్టం అలలెత్తుతూ ఉంటుంది గనుక, మరీ దించితే తయారైన లోహమే తిరిగి ఆక్సైడుగా మారి, మిగిలిందనుకున్న విద్యుత్తు వృథా అవుతుంది.

ఇక ఆపడం సంగతి. కరెంటు నాలుగైదు గంటలు లేకపోతే పాట్లు గడ్డకట్టిపోతాయి, వందల పాట్లను మళ్లీ నడిపించడానికి నెలలు పడుతుంది. అందుకే యాజమాన్యాలు దీర్ఘకాలిక విద్యుత్ ఒప్పందాలకే మొగ్గు చూపుతాయి. ఖనిజం దొరకని ఐస్‌లాండ్, నార్వేలకు అల్యూమినా ఓడల్లో వెళ్లడానికి కారణం అక్కడి జలవిద్యుత్తే. అయితే మీ ఆలోచన పూర్తిగా కొట్టివేయదగినది కాదు: గంటో రెండు గంటలో లోడు తగ్గించుకుని, అందుకు గ్రిడ్ నిర్వాహకుల నుంచి చెల్లింపు పొందే కర్మాగారాలు ఉన్నాయి.