సంఘం అప్పుకు మీ సంతకం ఎందుకు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. నా వయసు 41. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు, అంతా మిర్చే. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ ఉన్నారు. ఇంటి ఖర్చు నెలకు 18,000. బ్యాంకులో 40,000 ఉన్నాయి, కిసాన్ క్రెడిట్ కార్డు మీద లక్షన్నర బాకీ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలోని క్రైస్తవ రైతు కుటుంబాలు నలభై కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాం. నేను కోశాధికారిని. కౌలు కార్డులు, పంట నష్టం, సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాం. ఇప్పుడు రోడ్డు పక్కన స్థలం కొని ఆఫీసు, గోదాము కట్టాలని తీర్మానించారు. బయానాకు 5 లక్షలు కావాలి. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మూడు రూపాయల వడ్డీకి నా పేరున నోటు రాయమన్నారు, రాశాను. డబ్బు వచ్చే వారం ఇస్తారు. కోత పండుగ కానుకలతో తీర్చేద్దాం అంటున్నారు. దేవుని పని, కాదనలేకపోయాను. వడ్డీ భారం తగ్గేలా నా భార్య ఆరు సవర్ల బంగారం కుదువ పెట్టనా? పిల్లల కోసం నెలకు 2,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే మదుపు) మొదలుపెట్టనా?

జవాబు: ఆ డబ్బు ముట్టుకోకండి. ముందు నోటు వెనక్కి తెచ్చుకోండి.

మీరు పంపిన నోటు ఫొటో పెద్దది చేసి చూశాను. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా మీ సంతకం ఉంది. తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. సంఘం పేరు ఎక్కడా లేదు, మిగతా ముప్పై తొమ్మిది కుటుంబాల్లో ఒక్కరి వేలిముద్ర కూడా లేదు. ఖాళీ వదిలి సంతకం పెట్టిన నోటును పూర్తి చేసుకునే వీలు చట్టం దాన్ని పట్టుకున్నవాడికే ఇస్తుంది. రేపు కోర్టుకు వెళ్తే అది సంఘం అప్పు అని మీరు ఎంత మొత్తుకున్నా, కాగితం మీద అది మీ అప్పే. అప్పు వేరొకరి పేరున తీసుకుని మీరు హామీ మాత్రమే ఉన్నా పెద్ద తేడా రాదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుడి బాధ్యత కూడా అంతే.

ఇక లెక్క. 5 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 15,000. మీ ఇంటి ఖర్చు 18,000. మీ ఐదెకరాల మీద దాదాపు ఇంకో కాపురాన్ని పెట్టబోయారు. ఏడాదికి 1,80,000 వడ్డీకే పోతుంది. అదే 5 లక్షలు నలభై కుటుంబాలకు పంచితే ఇంటికి 12,500. కోత అయ్యాక ఇంటికి 12,500 ఇవ్వగలిగితే ఈ అప్పు అక్కర్లేదు. ఇవ్వలేకపోతే రేపు తీర్చేదీ వాళ్లు కాదు. కోశాధికారిగా ఈ లెక్క మీరే సభ్యుల ముందు పెట్టాల్సింది.

కోత పండుగ కానుకల మీద ఆశ పెట్టుకోవడం చూస్తే నాకు భయం వేసింది. మీ నలభై కుటుంబాలదీ ఒకే పంట. మీకు ధర పడితే అందరికీ పడుతుంది, ఆ ఏడాది కానుకా తగ్గుతుంది. క్వింటా 20,000 దాటి అమ్మిన మిర్చి ఎక్కడికి దిగిందో మీకు నేను చెప్పాలా? 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయిన రైతులను ఆదుకోవడానికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. 2021-22లో తామర పురుగు పూతనంతా తినేసినప్పుడు నా దగ్గరికి ఒక రైతు వచ్చాడు. ప్రార్థనా మందిరం ప్రహరీ కోసం తన పేరున నోటు రాశాడు. గోడ లేచింది, కానుకలు రాలేదు. అరెకరం అమ్మి కట్టాడు. సంఘంలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, ఆ ఏడాది ఎవరి దగ్గరా డబ్బు లేదు, అంతే. ఆయన ముఖం గుర్తొచ్చే మీకు ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీ దశమ భాగం, ప్రథమ ఫలాలు మీ విశ్వాసం. వాటి జోలికి నేను రాను. చేతిలో ఉన్నదాంట్లోంచి ఇచ్చేది కానుక. ఇంకా నారు పోయని పంటను తాకట్టు పెట్టేది అప్పు. ఈ రెండింటినీ కలపకండి.

మీ అసలు కొరత ఆపద నిధి. బ్యాంకులో 40,000 అంటే రెండు నెలల పైచిలుకు తిండి. జీతగాళ్లకు మూడు నుంచి ఆరు నెలల ఖర్చు చాలంటారు. ఆ కొలత మీకు పనికిరాదు. మీకు డబ్బు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, కోత కోతకూ వస్తుంది, తర్వాత మళ్లీ కోత దాకా రాదు. ఒక పంట పోతే ఏడాది పోయినట్టే. కాబట్టి మీకు కావాల్సింది పన్నెండు నెలల ఖర్చు, 2,16,000. ఒక్క ఏడాదిలో కూడదని నాకూ తెలుసు. యోసేపు ఐగుప్తులో పంట పండిన ఏడేళ్లూ ఐదో వంతు తీసి పక్కన పెట్టించిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీరూ అలాగే చేయండి. మొదటి కోత కాయ అమ్మిన రోజునే, ఎరువుల కొట్టు బాకీ కట్టకముందే, వచ్చినదాంట్లో ఐదో వంతు వేరే ఖాతాలో వేయండి. రెండో కోతకూ అంతే. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. సగం చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టండి, అవసరానికి ఒక్కటే విరిచేలా. ఈ డబ్బు చీటీకి కాదు, చేబదులుకు కాదు, సంఘానికి అసలే కాదు. రెండు మూడు పంటల్లో నిండుతుంది.

కిసాన్ కార్డు బాకీ మాత్రం గడువు లోపే కట్టండి. సకాలంలో కడితే 4 శాతం పడే అప్పు, గడువు దాటితే ఆ రాయితీ పోగొట్టుకుంటుంది. మూడు రూపాయల నోటు నెత్తి మీద ఉన్నవాళ్లు మొదట ఎగ్గొట్టేది ఈ చవక అప్పునే. ఏటా చూస్తున్నాను.

బంగారం కుదువ వద్దు. మీ నిధి నిండేదాకా ఇంట్లో ఉన్న చివరి ఆసరా అదే. సిప్ నిధి నిండాక చూద్దాం. మీరూ, వయసు 50 లోపు ఉంటే మీ భార్యా, ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్షా ప్రమాద బీమాకు 20 రూపాయలు కట్టండి. మే నెలాఖరులో ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి.

మీ సంఘం పని చిన్నది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వచ్చిన దళిత కుటుంబాలు ఎస్సీ జాబితాలో లేవు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఉన్నాయి. ఏ పథకానికి ఏ సర్టిఫికెట్ పెట్టాలో తెలియక వెనక్కి తిరిగే వాళ్ల వెంట మీరు నిలబడుతున్నారు. కౌలు కార్డుకు యజమాని సంతకం పెట్టించడం అంతకన్నా కష్టం. మీ మూడెకరాలకు ఆ కార్డు ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. లేకపోతే పంట పోయినప్పుడు ఆ మూడెకరాల పరిహారం మీ చేతికి రావడం కష్టం. ఈ పనులు వేటికీ గోదాము అక్కర్లేదు. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఒక బల్ల, ఒక రిజిస్టరు చాలు. స్థలం కావాల్సిందే అంటే, ముందు 1995 మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, వాటా ధనం వసూలు చేసి, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరవండి. అప్పు కావాలంటే అప్పుడు సంఘమే తన పేరున అడుగుతుంది.

ఈ ఆదివారం అధ్యక్షుడి గారినీ పాస్టర్ గారినీ వెంటబెట్టుకుని నోటు రాయించుకున్నాయన దగ్గరికి వెళ్లండి. డబ్బు ఇంకా చేతులు మారలేదు కాబట్టి ఇప్పుడు అడగడం తేలిక, వచ్చే వారం కాదు. జిరాక్సు ఇస్తే ఒప్పుకోకండి, స్టాంపు ఉన్న అసలు కాగితమే తీసుకోండి. తీసుకున్నాక నాకు ఒక ముక్క రాయండి, మీ కౌలు కార్డు సంగతి కూడా అందులోనే.