ఆకురాయి పట్టిన చేయి: కొత్తగా చేరిన ఐటీఐ ఇన్‌స్ట్రక్టరుకు ఒక లేఖ

తిరుపతి

చిరంజీవి నాయనకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చిత్తూరు వైపు ఐటీఐలో ఫిట్టరు ట్రేడు ఇన్‌స్ట్రక్టరుగా చేరి ఆరు నెలలు నిండాయని, పాఠం చెప్పడం కొంత అలవాటైనా ఎక్కడో వెనకబడి ఉన్నట్టు అనిపిస్తోందని, ఏ శిక్షణలకు వెళితే, ఏ సర్టిఫికెట్లు సంపాదిస్తే మంచి ఉపాధ్యాయుడివి కాగలవో చెప్పమని అడిగావు. సర్టిఫికెట్ల సంగతి తరువాత రాస్తాను. ముందు నేనొకటి అడుగుతాను. ఈ ఆరు నెలల్లో, పిల్లలకు చూపించడానికి కాకుండా నీ కోసం నీవు ఎన్నిసార్లు ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టావు? గీత గీసిన దగ్గరి నుంచి చివరి కొలత దాకా ఒక్క జాబ్, అంటే పిల్లలకిచ్చే పని ముక్క, అయినా నీ చేత్తో పూర్తి చేశావా?

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట ఒక కర్మాగారం నుంచి టూల్‌రూమ్ సూపర్‌వైజరు ఒకాయన అప్రెంటిసులను ఎంచుకోవడానికి మా వర్క్‌షాపుకు వచ్చాడు. పిల్లలు చేసిన చదరపు ఫిట్టింగు ముక్కలను, అంటే ఒకదానిలో ఒకటి సందు లేకుండా అమరవలసిన జంట ముక్కలను, ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూసి, "సార్, మీరు చేసిన ముక్క ఒకటి ఉంటే ఇవ్వండి, దాన్ని పక్కన పెట్టుకొని వీటిని చూస్తాను" అని ఎంతో మర్యాదగా అడిగాడు. నా దగ్గర లేదు. ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక తలుపు దగ్గరగా వేసి నేనే ఆ జాబ్ మొదలుపెట్టాను. కొలతలో తేడా 0.04 మిల్లీమీటర్లు దాటకూడదని ఏటా బోర్డు మీద రాసినవాడిని నేనే. రెండు సాయంత్రాలు పట్టింది. రెండు ముక్కలనూ జోడించి కిటికీ వైపు పట్టి చూస్తే రెండు పక్కల నుంచి వెలుతురు కనబడింది. ఎవరూ చూడలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్ళుగా నోటితో చెబుతూ వచ్చిన పనిని నా చేయి మరిచిపోయింది.

మరుసటి వారం నుంచి పిల్లలు రావడానికి అరగంట ముందు వెళ్ళి, ముక్కను బిగించి పట్టే వైస్ ముందు నిలబడటం మొదలుపెట్టాను. ఉద్యోగ విరమణ దాకా దాన్ని మానలేదు. నీవు కూడా సిలబస్‌లోని ప్రతి అభ్యాసాన్నీ పిల్లలకు ఇవ్వడానికి ఒక వారం ముందే నీవే చేసి చూడు. వాళ్ళకు ఇచ్చే పదార్థంతోనే, వాళ్ళు వాడే అరిగిన ఆకురాళ్ళతోనే చేయాలి. నీ బీరువాలోని కొత్త ఆకురాయితో చేస్తే వాళ్ళ కష్టం నీకు తెలియదు. ఎంత సమయం పట్టింది, ఏ దశలో చేయి తడబడింది, ఏ కొలత మళ్ళీ మళ్ళీ తీయవలసి వచ్చింది అనేవి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టు. ఆ పూర్తయిన ముక్కకు నూనె రాసి, తేదీ వేసి, పిల్లలకు అందుబాటులో ఉంచు. తమ ఇన్‌స్ట్రక్టరు చేసిన ముక్కను చేతిలో పట్టుకొని తమదానితో పోల్చుకున్న పిల్లవాడికి ప్రమాణం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక రెండో సంగతి దీనికన్నా కష్టమైనది, నేను ఎక్కువ కాలం తెలుసుకోలేకపోయినది. పని చేయగలగడం వేరు, ఎదుటివాడి పనిలో తప్పు ఎక్కడ పుట్టిందో చూడగలగడం వేరు. కొత్త పిల్లవాడు రాపిడి చేసిన తలం దాదాపు ఎప్పుడూ మధ్యలో ఉబ్బి, అంచుల్లో దిగిపోయి ఉంటుంది. "సమంగా రాపిడి చేయలేదు, మళ్ళీ చెయ్యి" అంటే వాడు ఇంకో గంట అదే తప్పును ఇంకా గట్టిగా చేస్తాడు. నీవు ముక్కను కాక మనిషిని చూడాలి. ఆకురాయి ముందుకు కదలడం మొదలైనప్పుడు కొనను పట్టిన ఎడమ చేతి బరువు ఎక్కువగా ఉండి, నడిమికి వచ్చేసరికి రెండు చేతుల బరువూ సమానమై, చివరకు పిడిని పట్టిన కుడి చేతి వైపు మారాలి. ఆ మార్పు జరగకపోతే ఆకురాయి ఊయలలా ఊగుతుంది, తలం ఉబ్బుతుంది. కొన్నిసార్లు తప్పు చేతిలో కూడా ఉండదు. వైస్ దవడల పైభాగం పనిచేసేవాడి మోచేయి ఎత్తుకు రావాలి. పొట్టిగా ఉన్న పిల్లవాడికి అది ఛాతీ దాకా వస్తే భుజాలు ఎత్తి రాపిడి చేస్తాడు, ఎంత చెప్పినా చేయి కుదరదు. కాళ్ళ కింద ఒక చెక్క పీట వేస్తే మధ్యాహ్నానికే పని మారిపోయిన పిల్లలను నేను చూశాను. ఆ పీట వేయడం నాకు ఆరేడేళ్ళ ముందే తట్టి ఉంటే ఎంతమంది పిల్లలకు మేలు జరిగి ఉండేదో అని ఇప్పటికీ బాధపడతాను.

కొలతల్లోనూ ఇంతే. సన్నని కొలతలు తీసే మైక్రోమీటరులో కదలని గొట్టమైన స్లీవు మీద 7 గీత దాటి అర మిల్లీమీటరు గీత కూడా బయటపడి, దాని చుట్టూ తిరిగే థింబుల్ మీద 28 ఉంటే కొలత 7.78 అవుతుంది. ఒక పిల్లవాడు 7.28 అని రాస్తాడు. "తప్పు" అని గుండు సున్నా పెట్టడానికి ఒక్క క్షణం చాలు. "ఎలా చదివావో పైకి చెప్పు" అని అడిగి వింటే, వాడు అర మిల్లీమీటరు గీతను చూడనే లేదా, చూసినా దాని విలువ తెలియదా, లేక థింబుల్‌కు 50 విభాగాలు ఎందుకున్నాయో, ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరే ఎందుకు కదులుతుందో మొదటి నుంచీ అర్థం కాలేదా అనేది తెలుస్తుంది. ఈ మూడింటికీ మూడు వేరు మందులు. పదో తరగతి దాటి వచ్చినా దశాంశాలంటే భయపడే పిల్లలు నీ తరగతిలో ఉంటారు. వాళ్ళను లెక్క రానివాళ్ళని పక్కన పెట్టవద్దు. పనిముట్టు చేతిలో పట్టుకొని నేర్చుకున్న దశాంశం వాళ్ళకు బాగా నిలుస్తుంది. నీ నోటు పుస్తకంలో వెనక నుంచి కొన్ని పేజీలు పిల్లల తప్పులకు కేటాయించు. తప్పు, దానికి నీవు ఊహించిన కారణం, తరువాత తేలిన అసలు కారణం, ఈ మూడూ రాయి. రెండేళ్ళ ఫిట్టరు కోర్సులో ఒక బ్యాచి బయటికి వెళ్ళేసరికి ఆ పేజీలు ఏ పుస్తకంలోనూ దొరకని పాఠ్యగ్రంథం అవుతాయి.

చేసి చూపించేటప్పుడు నేను పాటించిన క్రమం ఒకటి ఉంది. మొదట మాట్లాడకుండా, కర్మాగారంలో చేసే వేగంతోనే పనంతా ఒకసారి చేస్తాను. రెండోసారి నెమ్మదిగా, ఏది ఎందుకు చేస్తున్నానో చెబుతూ చేస్తాను. మూడోసారి పిల్లలు ఒక్కొక్క దశ చెప్పాలి, వాళ్ళు చెప్పినట్టే నేను చేయాలి. ఏదైనా దశ మరిచిపోతే అక్కడే ఆగిపోతాను. ఆ తరువాతే పనిముట్టు వాళ్ళ చేతికి ఇస్తాను. మూడోసారి దగ్గర సమయం వృథా అవుతున్నట్టు అనిపిస్తుంది, అయినా దాన్ని వదలవద్దు. ఒకరోజు నీ ఫోనును పిల్లలు నిలబడే చోట పెట్టి నీ ప్రదర్శనను రికార్డు చేసుకొని చూడు. సగం మందికి నీ వీపే కనబడుతూ ఉండవచ్చు. వెల్డరు ట్రేడు ఇన్‌స్ట్రక్టరునో, ఎలక్ట్రీషియన్ ట్రేడు ఇన్‌స్ట్రక్టరునో ఒక గంట నీ తరగతిలో వెనక కూర్చోమని అడుగు, నీవు వాళ్ళ తరగతిలో కూర్చో. వేరే ట్రేడు మనిషికి విషయం తెలియదు కాబట్టి పిల్లవాడు ఎక్కడ దారి తప్పుతాడో అతనికి బాగా కనబడుతుంది.

భాష గురించి ఒక మాట. పుస్తకంలో ఇంగ్లీషు పేరు ఉంటుంది, పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ అదే అడుగుతారు, కాబట్టి దాన్ని తప్పక నేర్పాలి. కానీ ఆకురాయి, ఉలి, దాగలి, పట్టుకారు అనే మాటలు ఇంట్లో విని వచ్చిన పిల్లవాడికి ఆ మాటతో మొదలుపెట్టి ఇంగ్లీషు పేరుకు తీసుకువెళితే రెండూ గుర్తుంటాయి. మన నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు చాలామంది. ఆకురాయిని తమిళంలో అరం అంటారని ఒక విద్యార్థి దగ్గరే నేర్చుకున్నాను; అటువంటి ఇరవై మాటలు తెలుసుకున్నాక వెనక బెంచీలోని పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఐటీఐ పుస్తకాలు తయారుచేసే చెన్నైలోని నిమి సంస్థ మన ట్రేడు పుస్తకాలను తెలుగులోనూ తెచ్చింది. వాటిని తెప్పించి గ్రంథాలయంలో పెట్టించు.

ఇప్పుడు శిక్షణల సంగతి. క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టరు శిక్షణ, అందరూ సిఐటిఎస్ అనేది, నీవు ఇంకా చేయకపోతే ఆలస్యం చేయకు. ఏడాది కోర్సు అది. హైదరాబాదు విద్యానగర్‌లోనూ, చెన్నై గిండీలోనూ జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. మనకు చెన్నై దగ్గర. అక్కడ ట్రేడు నైపుణ్యంతో పాటు పాఠ ప్రణాళిక వేయడం, ప్రదర్శన ఇవ్వడం, పిల్లల పనిని అంచనా వేయడం నేర్పుతారు. తోటివాళ్ళలో కొందరు దాన్ని పదోన్నతికి కావలసిన కాగితంగా చూస్తారు. నీవు అలా వెళ్ళవద్దు. నీ తప్పుల పుస్తకం వెంట తీసుకువెళ్ళి, జవాబు దొరకని ప్రశ్నలు అక్కడి పెద్దలను అడుగు. చిన్న చిన్న కోర్సులను ఎంచుకునేటప్పుడు సులభంగా దొరికేదాన్ని కాక నీకు చేతకానిదాన్ని ఎంచుకో. నీకు లేత్ బాగా వచ్చు, హైడ్రాలిక్స్ రాదు అని నాకు తెలుసు. విధానాలు మారుతూ ఉంటాయి: 2013లో సెమిస్టర్లు వచ్చాయి, 2018లో మళ్ళీ ఏడాది పద్ధతి వచ్చింది, జాతీయ వృత్తి శిక్షణ మండలి స్థానంలో కొత్త మండలి వచ్చింది. ప్రతి మార్పునూ శ్రద్ధగా చదువు, కానీ వాటి గురించి స్టాఫు రూములో జరిగే వాదాల్లో ఎక్కువ సేపు కూర్చోకు.

అన్నిటికన్నా నీకు అవసరమైనది కర్మాగారం. మన ప్రాంతంలో ఇన్‌స్ట్రక్టరుకు నేర్చుకునే చోటు లేదని ఎవరూ అనలేరు. కరకంబాడి దగ్గర అమరరాజా, శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ రైలు పెట్టెలు, రాచగున్నేరిలో ఇనుప పైపులు, తిరుపతిలో రైల్వే పెట్టెల మరమ్మతు కర్మాగారం, అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. అయితే నా సలహా అడిగితే, ఫిట్టరు ఇన్‌స్ట్రక్టరు మొట్టమొదట వెళ్ళవలసింది చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు కర్మాగారాలకు. తోతాపురి కాయ జూన్, జూలైల్లో వచ్చి పడుతుంది. అప్పుడు యంత్రాలు రాత్రింబవళ్ళు నడవాలి, ఒక పంపు సీలు పోయినా, ఒక బేరింగు పట్టేసినా గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. అందుకని సీజనుకు ముందే పంపులు, పల్పర్లు, కన్వేయర్లు విప్పి సరిచేసుకుంటారు. ప్రిన్సిపాలు గారి అనుమతి తీసుకొని, అవసరమైతే సెలవు పెట్టి అయినా, ఏప్రిల్‌లోనో మేలోనో రెండు వారాలు ఆ పనిలో నిలబడు. చూసిరావడానికి వచ్చానని చెప్పవద్దు, పని చేయడానికి వచ్చానని చెప్పు. అక్కడి పాత ఫిట్టరు చదువులో నీకన్నా తక్కువవాడు కావచ్చు, వయసులోనూ అనుభవంలోనూ పెద్దవాడు. అన్నా అని పిలిచి, పక్కన నిలబడి, స్పానరు అందించడం దగ్గర మొదలుపెట్టు.

తిరిగి వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రాకు. అడిగి, పాడైపోయిన బేరింగు ఒకటి తెచ్చుకో. షాఫ్టు మీదికి బేరింగు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలని, బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి, అవి దొర్లే దారి మీద గుంటలు పడతాయని మనం బోర్డు మీద రాస్తాం. ఆ గుంటలను పిల్లవాడు తన గోటితో తడిమి చూస్తే ఆ పాఠాన్ని బోర్డు మీద రెండోసారి రాయవలసిన పని ఉండదు. అప్రెంటిస్‌షిప్ ముగించుకొని వచ్చే పాత విద్యార్థులను కూడా వదిలిపెట్టకు. అక్కడికి వెళ్ళాక మొదటి వారంలో ఏ పని చేతకాక తలవంచుకున్నావో చెప్పమని అడుగు. మొదట సిగ్గుపడతారు, తరువాత చెబుతారు. ఆ జవాబులను బట్టే నేను చాలా పాఠాలు మార్చుకున్నాను.

భద్రత గురించి నీకు తెలియనిది లేదు, అయినా ఒకటి రాయకుండా ఉండలేను. లేత్‌లో ముక్కను పట్టే చక్‌లో దాన్ని బిగించే తాళం వదిలేసి స్విచ్ వేయడం వల్ల నా కళ్ళ ముందే ఒక విద్యార్థికి దెబ్బ తగిలింది. ఆ ఉదయం నేనే తొందరలో చక్‌లో తాళం ఉంచి రెండడుగులు పక్కకు వెళ్ళి ఉన్నాను, వాడు నన్ను చూశాడు. నీవు కళ్ళద్దాలు లేకుండా గ్రైండరు దగ్గర ఒక్క నిమిషం నిలబడినా వాళ్ళు అదే నేర్చుకుంటారు.

వచ్చే నెల మొదటి ఆదివారం తిరుపతికి రా. ఈ లోపు నీ చేత్తో చేసిన చదరపు ఫిట్టింగు ఒకటి, ఎలా వస్తే అలా, వెలుతురు కనబడినా సరే, వెంట తీసుకురా. నోటు పుస్తకం కూడా తేవడం మరవకు. నా పాత మైక్రోమీటరు సున్నా సరిచూసి పెట్టి ఉంచుతాను. వరండాలో ఉదయం ఎండ బాగా పడుతుంది, ముక్కను అక్కడ కూర్చొని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పాత ఫిట్టరు సారు