డబ్లిన్‌లో యూరోలు, తెనాలిలో డిపాజిట్లు

ప్రశ్న (జూన్ 2012): నేను రిటైరైన టీచర్ని, మాది తెనాలి. మా అబ్బాయి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి బ్యాంకులో 24 వేల యూరోలు దాచాడు. గ్రీస్ మునుగుతుందని, యూరోకే ఎసరు వస్తుందని రోజూ టీవీలో చెబుతున్నారు. ఆ డబ్బంతా వెంటనే ఇక్కడికి పంపేయమని చెప్పనా? నేను మనవరాలి కోసం రెండేళ్లుగా నెలకు 5 వేలు షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లో సిప్ (నెలవారీ వాయిదా) కడుతున్నాను. ఇప్పుడు కట్టినంత కూడా లేదు. అది ఆపేసి, ఒక డిపాజిట్ గడువుకు ముందే తీసేసి పది కాసుల బంగారం కొందామని ఇంట్లో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఒక లెక్క చూద్దాం. పోయిన ఏడాది ఈ రోజుల్లో యూరో 64 రూపాయల చుట్టూ ఉండేది. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. గ్రీస్ ప్రభుత్వ అప్పుపత్రాలు (బాండ్లు) కొన్న ప్రైవేటు సంస్థలకు మార్చిలో అసలులోనే 53.5 శాతం కోత పడింది. మొన్న స్పెయిన్ తన బ్యాంకులను నిలబెట్టుకోవడానికి 10 వేల కోట్ల యూరోల దాకా సాయం కోరింది. ఇన్ని దెబ్బలు తిన్న యూరో ఇవాళ 71 రూపాయలు. పోయిన జూన్‌లోనే భయపడి మొత్తం తెప్పించి ఉంటే, వడ్డీ సంగతి పక్కన పెడితే, ఒక్క మారకంలోనే మీవాడికి లక్షన్నరకు పైగా పోయేది.

జ్వరం వాళ్లకు, నీరసం మనకు. ఎక్కడ భయం పుట్టినా పెట్టుబడిదారులు డాలర్ దగ్గరికే పరుగెత్తుతారు. మన షేర్లు అమ్మి వెళ్లే విదేశీ సంస్థలూ అంతే. పైగా మనం బయటికి అమ్మేదానికంటే బయట కొనేది, ముఖ్యంగా చమురు, బంగారం, చాలా ఎక్కువ. అందుకే ఏడాది కిందట 45 రూపాయలు కూడా లేని డాలర్ ఇప్పుడు 57. మార్చిలో పీపా 125 డాలర్ల దాకా పోయిన చమురు ఇప్పుడు 90 దగ్గరికి దిగినా, ఆ లాభంలో మంచి వంతు రూపాయి పతనమే మింగేసింది.

ప్రపంచం మొత్తం మునుగుతుందా అంటే, అంకెలు అలా చెప్పడం లేదు. ఈ ఏడాది ప్రపంచ వృద్ధి 3.5 శాతం ఉంటుందని అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ఏప్రిల్‌లో అంచనా వేసింది. అదే నివేదికలో యూరో దేశాలకు వేసింది మైనస్ 0.3. అంటే బండి నెమ్మదిస్తుంది, ఆగదు. మన బండి కూడా నెమ్మదించింది. జనవరి–మార్చి మూడు నెలల్లో మన వృద్ధి 5.3 శాతమే. అందులో యూరప్ తప్పు కొంతే, ఇంటి తప్పులు చాలానే ఉన్నాయని నా అభిప్రాయం.

ఇక ఐర్లాండ్. దాని కథ గ్రీస్ కథ ఒకటి కాదు. గ్రీస్‌లో ప్రభుత్వమే రాబడికి మించి ఖర్చు పెట్టి లోటును తక్కువ చేసి చూపించింది. అసలు లెక్క 2009 అక్టోబరులో కొత్త ప్రభుత్వం వచ్చాక బయటపడింది. ఐర్లాండ్‌లో బ్యాంకులు ఇళ్ల మీద, స్థలాల మీద ఎడాపెడా అప్పులిచ్చి మునిగితే, 2008లో ప్రభుత్వం వాటికి పూచీ నిలిచి ఆ భారం నెత్తికెత్తుకుంది. చివరికి 2010 నవంబరులో 8,500 కోట్ల యూరోల సహాయ ఒప్పందానికి తల ఒగ్గింది. హామీ సంతకం పెట్టి అప్పుల పాలైన పెద్దమనుషులు మన ఊళ్లలోనూ ఉన్నారు కదా.

అక్కడ ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు లక్ష యూరోల దాకా డిపాజిట్ బీమా ఉంది. మీవాడి 24 వేలు దాని లోపలే. ఆ బీమా వెనక ఉన్న ప్రభుత్వమే అప్పు మీద నడుస్తోందిగా అని మీరు అడగొచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే అంతా అక్కడే ఉంచమనను, అంతా తెమ్మనీ అనను.

గ్రీస్ ఏమవుతుందన్నది వదిలేసి మీవాణ్ని ఒక్కటే అడగండి: ఈ డబ్బు ఎప్పుడు, ఏ దేశంలో ఖర్చు పెడతావు? ఆరు నెలల ఇంటద్దె, ఖర్చులకు సరిపడా యూరోలు ఎలాగూ అక్కడే ఉండాలి. అక్కడే ఇల్లు కొనే ఆలోచన ఉంటే మిగతాదీ కదపనక్కర్లేదు. తెనాలిలో ఇల్లు కట్టాలన్నా, ఇక్కడి అప్పు తీర్చాలన్నా మూడు నాలుగు విడతలుగా ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదనను ఇక్కడ రూపాయల్లో దాచుకునే) డిపాజిట్‌లోకి పంపమనండి. డిసెంబరులో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితి ఎత్తేశాక వీటి మీద 9 శాతం దాకా ఇస్తున్నారు, ఆ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఏడాది నిండకుండా తీస్తే మాత్రం వడ్డీ రాదు. అక్కడి పన్ను లెక్క అక్కడి అకౌంటెంట్‌నే అడగాలి. రూపాయి ఇంకా పడుతుందన్న భయం ఉంటే, రూపాయల్లోకి మార్చకుండా విదేశీ కరెన్సీలోనే దాచే డిపాజిట్, ఎఫ్‌సీఎన్ఆర్ ఉంది, వడ్డీ తక్కువ. యూరో మీదే నమ్మకం లేకపోతే అదే ఎఫ్‌సీఎన్ఆర్‌ను డాలర్లలో వేసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

సిప్ విషయంలో మనవరాలి వయసు రాయలేదు మీరు. పదేళ్ల తర్వాతి కాలేజీ చదువుకైతే ఆపకండి. 2010 చివర 20,500 ఉన్న సెన్సెక్స్ ఇప్పుడు 17 వేల లోపుంది, అదే 5 వేలకు ఎక్కువ యూనిట్లు వస్తున్నాయి. మూడేళ్లలోనే కావాల్సిన డబ్బైతే గ్రీస్ ఉన్నా లేకున్నా అది ఈక్విటీలో ఉండకూడదు.

బంగారం దగ్గరే నాకు మీ ఇంట్లోవాళ్లతో పేచీ. పోయిన సెప్టెంబరులో ఔన్సు 1,900 డాలర్లు తాకింది, ఇప్పుడు 1,600 లోపే. మన దగ్గర మాత్రం పది గ్రాములు 30 వేలు, అప్పటికంటే ఎక్కువ. పెరిగింది బంగారం కాదు, డాలర్. పది కాసులకు రెండు లక్షల నలభై వేలు పోసి, తరుగు, మజూరీ అదనంగా ఇచ్చుకుని మీరు కొనేది ఒకరకంగా డాలర్లనే. ముచ్చట కోసమైతే ఒకటి రెండు కాసులు కొనండి, దానికోసం డిపాజిట్ తీయకండి. ఒకవేళ ఏ డిపాజిట్ గడువైనా తీరుతుంటే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఏప్రిల్ నుంచి 9.3 శాతం ఇస్తున్నారు. అక్కడ 15 లక్షల దాకా వేసుకోవచ్చు.

చివరిగా, మీవాడు ఇప్పటిదాకా డబ్బు పంపుతున్నది కాలేజీ రోజుల్లో తీసిన పాత సేవింగ్స్ ఖాతాకేనా? విదేశంలో స్థిరపడ్డాక దాన్ని అలాగే వాడకూడదు, విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతాగా (ఎన్ఆర్ఓ) మార్పించాలి. యూరోల సంగతి తేల్చేలోపు ముందు ఆ ఫారం నింపి పంపమనండి.